ప్రాజెక్టు రిపోర్టు కూడా అమానతే

(సంఘం వార్షిక సభలో కళాశాల విద్యార్థినీ విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో విద్యను గూర్చి ఎవరో ఒకరు మాట్లాడటం మన ఆనవాయితీ. "బాగా చదువుకోండి, పైకి రండి" అని చెప్పి దిగిపోవడం సులభం. కార్యదర్శిగారు ఈసారి నన్ను అడిగినప్పుడు, పెద్ద మాటలు వద్దు, ఒక చిన్న పని గూర్చి చెప్తానన్నాను. ఆ పని ఏమంటే, మన పిల్లలు డిగ్రీలోనూ, ఎం.బి.ఏ., ఎం.ఏ. లలోనూ రాయవలసి వచ్చే ప్రాజెక్టు రిపోర్టు. నిర్వహణ శాస్త్రం, నీతిశాస్త్రం, ప్రభుత్వ విధానం – ఈ మూడింటిలో ఏదో ఒక విషయం ఇచ్చి, "పరిశోధన చేసి రాసుకొని రా" అంటారు. 2020-21 నుండి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కూడా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటల పని పెట్టినారు. పదవ తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషులో అరవై పేజీలు రాయమంటే పిల్లలు బెదిరిపోతారు. బెదిరినవాళ్ళు ఎక్కడికి పోతారో నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేనూ అక్కడికే పోయినాను.

దాచుకోకుండా చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దూరవిద్య ద్వారా ఎం.ఏ. కట్టినాను. చివర్లో ప్రాజెక్టు రాయాలి. "జిల్లాలో చేనేత సహకార సంఘాలు" అని విషయం తీసుకున్నాను. బడి, ట్యూషన్లు, ఇంటి పనులు – తీరిక లేదు అనుకున్నాను. ఒక జిరాక్సు అంగట్లో తయారు రిపోర్టులు అమ్ముతారని తెలిసి, ఒకటి కొని, పేరు మార్పించి, బైండింగు చేయించి ఇచ్చేసినాను. మౌఖిక పరీక్షనాడు ఆ అయ్యవారు రిపోర్టు తిరగేసి, "మీది ఏ ఊరండీ?" అన్నారు. ఆదోని అన్నాను. "ఎమ్మిగనూరు ఎంత దూరం?" బస్సులో గంట ప్రయాణం అన్నాను. "ఆ చేనేత సంఘానికి ఎన్నిసార్లు పోయినారు?" నేను మాట్లాడలేదు. ఆయన ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టినారు. ఎమ్మిగనూరు అని ఉండవలసిన చోట "చీరాల" అని ఉంది. అంగడివాడు అన్నిచోట్లా మార్చి, అక్కడ మరచిపోయినాడు.

ఆయన కోప్పడలేదు. "మాస్టరుగారూ, మీ విద్యార్థి ఇట్లా చేస్తే మీరు ఏమి చేస్తారు?" అని మాత్రం అడిగినారు. మళ్ళీ రాసుకొని రమ్మన్నారు. ఆరు నెలలు పోయినాయి. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నదే.

మొట్టమొదట, ఈ మూడు శాస్త్రాలు మనల్ని ఏమి అడుగుతున్నాయో తెలుసుకోవాలి. నిర్వహణ శాస్త్రం "ఈ పని ఎట్లా నడుస్తున్నది, ఎందుకు అట్లా నడుస్తున్నది?" అని అడుగుతుంది. నీతిశాస్త్రం, మనం అఖ్లాఖ్ అంటాము చూడండి, అది "ఎవరి హక్కు ఎవరి లాభంతో ఢీకొంటున్నది, న్యాయం ఏది?" అని అడుగుతుంది. ప్రభుత్వ విధానం "సర్కారు ఏమి తలచింది, అది ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు?" అని అడుగుతుంది. ఈ మూడు ప్రశ్నలకూ మన రెండు ఊళ్ళలోనే కావలసినంత సరుకు ఉంది. హైదరాబాదుకో, బెంగళూరుకో పోనక్కరలేదు.

ఎమ్మిగనూరు సంగతే చూడండి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించినారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతవరకు సావుకారు నూలు అప్పిస్తే, నేసిన బట్ట ఆయనకే ఇచ్చి, ఆయన చెప్పిన కూలి తీసుకోవడం నేతగాని బతుకు. సంఘం వస్తే నూలు సంఘమే ఇస్తుంది, బట్ట సంఘమే తీసుకుంటుంది, అమ్మకం సంఘమే చూసుకుంటుంది. ఇది నిర్వహణ శాస్త్రానికి మంచి పాఠం. తరువాత 1976లో రాష్ట్ర స్థాయిలో ఆప్కో వచ్చింది. 1985లో కొన్ని రకాల బట్టలు మగ్గం మీదనే నేయాలని పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు ఉన్న ఆ జాబితా తరువాత 11 రకాలకు తగ్గింది. మరి మగ్గాలు ఎందుకు తగ్గినాయి? నూలు ధరా, మరమగ్గమా, అమ్మకమా, పిల్లలు ఆ పని వద్దనుకోవడమా? "భారతదేశంలో చేనేత పరిశ్రమ – సమస్యలు, పరిష్కారాలు" అని రాయబోతే ఏ జన్మకూ తేలదు. "ఎమ్మిగనూరులో ఒక వీధిలో గత పది సంవత్సరాలలో మగ్గం మానినవారు ఎందుకు మానినారు?" అని పెట్టుకుంటే రెండు నెలల్లో తేలుతుంది. విషయం ఎంత చిన్నదైతే రిపోర్టు అంత గట్టిగా ఉంటుంది.

నీతిశాస్త్రానికి మన ఆదోని మార్కెట్ యార్డు కంటే మంచి పాఠశాల ఏముంది? పత్తి, వేరుశనగ సీజనులో తెల్లవారకముందే బండ్లు, ట్రాక్టర్లు వరుస కడతాయి. రైతు, ఏజెంటు, కొనుగోలుదారు, తూకం వేసేవాడు, హమాలీ – ఇందరి చేతుల మీదుగా సరుకు పోతుంది. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనాలంటే పత్తిలో తేమ 8 శాతం ఉండాలి. అంతకు మించితే ధర తగ్గిస్తారు, 12 శాతం దాటితే తీసుకోరు. తేమ ఎక్కువున్న పత్తి తెచ్చిన చిన్న రైతు ఇంటికి తిరిగి తీసుకుపోగలడా? బండి బాడుగ ఎవరిస్తారు? నిబంధన తప్పు కాదు, రైతూ తప్పు చేయలేదు, అయినా ఒకరికి నష్టం. ఇట్లాంటి చోటనే నీతిశాస్త్రం మొదలవుతుంది. తూకంలో మోసం చేసేవారి పేరుతోనే ఖురాన్ షరీఫ్‌లో ఒక సూరా ఉంది, 83వది. మన పూర్వ రాజ్యాలలో బజారులో తూనికలు, కొలతలు చూడటానికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. ఈ నేపథ్యం మన పిల్లలకు ఇంట్లోనే ఉంది. దానిని ఈనాటి మార్కెట్ చట్టంతో, 2016లో మొదలైన ఈ-నామ్ పద్ధతితో పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ అంగట్లోనూ దొరకని రిపోర్టు తయారవుతుంది.

ఇక ప్రభుత్వ విధానం. ఇక్కడ నా బడి సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి సంవత్సరం డిసెంబరు, జనవరి వచ్చేసరికి నా తరగతిలో కొందరు పిల్లలు కనబడరు. హాజరు పట్టీలో "గై" అని రాసుకుంటూ పోతాను. మళ్ళీ మార్చి, ఏప్రిల్‌లో ఒకరిద్దరు వస్తారు, మిగిలినవాళ్ళు రారు. వాళ్ళ తల్లిదండ్రులు సుగ్గికి పోయినారని, గుంటూరు వైపు మిరపకాయలు, పత్తి ఏరటానికి పోయినారని నాకు తెలుసు. తెలిసీ "గై" అని రాసి ఊరుకున్నాను. రెండేళ్ళ క్రితం మన సంఘం కుటుంబాలలోని ఒక అమ్మాయి తన ప్రాజెక్టు కోసం ఈ విషయమే తీసుకున్నది. సుగ్గికి పోయేవారి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది కదా, మరి వీళ్ళు ఎందుకు ఉంచలేదు అని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా వదిలి పోతామన్నారు కొందరు. హాస్టలు తెరిచేలోపలే మేస్త్రీ లారీ వచ్చేసిందన్నారు కొందరు. చిన్న పాపను ఎత్తుకోవడానికి పెద్దపిల్ల కావాలి సార్ అన్నారు ఇంకొందరు. ఆ రిపోర్టు చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఇరవై ఏళ్ళుగా పట్టీ నా చేతిలోనే ఉంది, ఈ ప్రశ్న నేను అడగలేదు. ఇప్పుడు నవంబరులోనే ఆ ఇండ్లకు పోయి మాట్లాడి వస్తున్నాను. అందరూ వినరు, ఒకరిద్దరు వింటారు.

ఇప్పుడు పని ఎట్లా చేయాలో వరుసగా చెప్తాను.

ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోండి. మీ అమ్మకు ఆ వాక్యం చదివి వినిపించండి. "ఏం కనుక్కోవాలనుకుంటున్నావో అర్థమయింది" అంటే అది మంచి ప్రశ్న.

తరువాత, ఇదివరకు ఎవరేమి రాసినారో చూడండి. ఇక్కడ మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. ఎమ్మిగనూరు సంఘం పాత సంగతులు నేను కర్నూలు జిల్లా పుస్తకాలలో వెతికి అలసిపోయినాను. ఒక ముసలి నేతగాడు నవ్వి, "మాస్టరు సాబ్, అప్పుడు మనం బళ్ళారి జిల్లా కదప్పా" అన్నాడు. నిజమే! 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1938 నాటి సంగతి బళ్ళారి జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలలో చూడాలి. అట్లాగే 2014కు ముందరి ఆంధ్రప్రదేశ్ అంకెల్లో తెలంగాణ కలిసి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వేరయింది కాబట్టి, అంతకు ముందరి కర్నూలు జిల్లా అంకె, తరువాతి అంకె ఒకటి కావు. రెండింటినీ పక్కపక్కన పెట్టి "జనాభా తగ్గింది" అని రాసిన రిపోర్టు నేను చూసినాను. 2011 లెక్కల్లో ఎమ్మిగనూరు జనాభా 95 వేల పైచిలుకు. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు ఆ సంవత్సరం జరగలేదు. కాబట్టి ఏ అంకె రాసినా పక్కన సంవత్సరం రాయండి.

ఆఫీసుల నుండి కావలసిన వివరాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు ఫీజు పది రూపాయలకు మించదు, మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ముప్పై రోజులు లెక్కలో పెట్టుకొని మొదటి వారంలోనే దరఖాస్తు వేయండి. ఆఖరు వారంలో వేసి, "ఆఫీసువాళ్ళు ఇవ్వలేదు" అని రాయకండి.

ఆ తరువాత మనుషుల దగ్గరికి పోవాలి. "ప్రభుత్వ పథకాలతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగితే ఎవరైనా "ఆ, బాగుంది" అంటారు. అది జవాబు కాదు, మర్యాద. "పోయిన సంవత్సరం సుగ్గికి ఎన్ని నెలలు పోయినారు? అప్పుడు పిల్లలు ఎక్కడ ఉన్నారు? ఎవరి దగ్గర తిన్నారు?" అని అడగండి. దక్కనీలో అడగండి, తెలుగులో అడగండి, మన సరిహద్దు పల్లెల్లో కన్నడంలో అడగండి. జవాబు వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. ఇంగ్లీషు చివరి పని. ఆలోచన తేటగా ఉంటే ఇంగ్లీషు దిద్దేవాళ్ళు దొరుకుతారు. ఆలోచనే లేకపోతే దిద్దేదేముంది?

ముప్పై ఇండ్లు చాలు, కానీ అవి మన మామ ఇల్లు, చాచా ఇల్లు, స్నేహితుల ఇండ్లు కాకూడదు. వీధిలో ప్రతి అయిదవ ఇల్లు అని పెట్టుకోండి. ముప్పై ఇండ్లు చూసి "జిల్లా అంతా ఇంతే" అని రాయకండి. "నేను చూసిన ముప్పై ఇండ్లలో ఇట్లా ఉంది" అని రాయండి. ఎవరినీ బలవంతం చేయకండి, పేర్లు రాయకండి, "మీకు లోను వస్తుంది, ఇల్లు వస్తుంది" అని ఆశ పెట్టకండి. పేదవాడు తన కష్టం మీకు చెప్పడం ఒక అమానత్.

ఇక రాసేటప్పుడు – ఏ మాట ఎక్కడిదో చెప్పి తీరాలి. అధ్యాపకులు దీనిని ఏదో కొత్త నియమంలాగా చెప్తే మన పిల్లలు విసుక్కుంటారు. నేను అంటాను, ఇది మన ఇంటి విద్య. హదీసు చెప్పేవారు "ఫలానావారు ఫలానావారి నుండి విన్నారు" అని సనద్ చెప్పకుండా ఒక్క మాట ముందుకు వేసేవారు కారు. ఆ వరుసలో ఒక్కరి నిజాయితీ మీద అనుమానం వచ్చినా ఆ మాటను బలహీనం అనేవారు. 1377లో తన గ్రంథానికి ముఖద్దిమా రాసిన ఇబ్ను ఖల్దూన్, పూర్వ చరిత్రకారులు సైన్యాల సంఖ్యలను గుడ్డిగా రాసుకుంటూ పోవడాన్ని తప్పుపట్టినాడు. అంతమంది సైన్యం ఆ నేల మీద నిలబడగలదా, తిండి అందుతుందా అని విచారించాలన్నాడు. అల్ బెరూనీ మన దేశాన్ని గూర్చి రాయడానికి సంస్కృతం నేర్చుకున్నాడు. మనం పక్క వీధి గూర్చి రాయడానికి ఆ వీధికి కూడా పోకపోతే ఎట్లా?

ఇప్పుడు జిరాక్సు అంగడి కూడా అక్కరలేదు. ప్రశ్న అడిగితే క్షణంలో వ్యాసం రాసి పెట్టే యంత్రాలు మొబైల్‌లోకే వచ్చినాయి. పదం అర్థం కాకపోతే, వాక్యం దిద్దుకోవాలంటే, మీ కళాశాల అనుమతిస్తే వాడుకోండి, వాడుకున్నామని చెప్పండి. కానీ అవి ఒక్కొక్కసారి లేని పుస్తకానికి పేరు, లేని అంకెకు ఆధారం పుట్టించి పెడతాయి. సనద్ లేని మాట ఎవరి నోట వచ్చినా సనద్ లేనిదే. 2018లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ సిద్ధాంత వ్యాసాలకు కాపీ నిబంధనలు పెట్టింది. పోలిక 10 శాతం దాటితే సవరించి ఇవ్వాలి, 40 దాటితే సవరించి ఇవ్వడానికి కూడా ఒక సంవత్సరం ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

"మాస్టరు సాబ్, ఇంత శ్రమ దేనికి? మార్కులు వస్తే చాలదా?" అని వెనుక ఎవరో అనుకుంటున్నారు. వారికి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

2004 జులైలో మన రాష్ట్రంలో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. మనమంతా సంతోషించినాము. సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. వెనుకబాటుతనం ఉంటే ఇవ్వకూడదని కాదు, బి.సి. కమిషన్ ద్వారా సరియైన విచారణ జరగలేదని. 2005లో కమిషన్ నివేదికతో మళ్ళీ చట్టం చేసినారు. అదే సంవత్సరం నవంబరులో అదీ నిలువలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్‌గారు అధ్యయనం చేసి, మొత్తం ముస్లింలు అని కాకుండా, ఎవరెవరు సామాజికంగా వెనుకబడి ఉన్నారో వేరు చేసి చెప్పినారు. అత్తరువారు, ఖురేషీలు, హజాములు, రాళ్ళు కొట్టే తురక కాశావారు, షేకులు మొదలైనవారు బి.సి.-ఇ కిందికి వచ్చినారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు అందులో లేరు. దూదేకులవారు అంతకు ముందే బి.సి.-బి లో ఉన్నారు. 4 శాతం అయింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తులలో అయిదుగురు దానినీ తోసిపుచ్చినారు. సర్వే చేసిన పద్ధతి, సేకరించిన వివరాలు చాలవన్నది అక్కడ పెద్ద మాట. మార్చిలో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి అమలు కొనసాగింది.

ఆ తీర్పుల మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ కోర్టులో మన ఉపన్యాసాలు అడగలేదు, మన కన్నీళ్ళు అడగలేదు. ఎన్ని ఇండ్లు చూసినారు, ఎట్లా ఎంచినారు, ఏ ప్రశ్న అడిగినారు, ఏ ఆధారంతో రాసినారు – ఇవి అడిగినారు. మీ ప్రాజెక్టులో అయ్యవారు అడిగే ప్రశ్నలూ ఇవే. ఇక్కడ బైండింగు చేసి అటక మీద పారేసేదే కదా అనుకుంటాము. ఇక్కడ అలవాటు కాని నిజాయితీ అక్కడ ఎట్లా వస్తుంది? మన ఊళ్ళ సంగతి మన పిల్లలే సరిగా రాసి పెట్టకపోతే, రేపు ఏ కమిటీ వచ్చినా వారికి చూపించడానికి మన దగ్గర ఏముంటుంది?

తల్లిదండ్రులకు రెండు మాటలు. "ఎంతయితే అంత, ఒకటి కొనుక్కో" అని పిల్లల చేతికి డబ్బు ఇవ్వకండి. ఆడపిల్ల సర్వేకు పోవాలంటే ఆపకండి, కావాలంటే అమ్మీ గానీ, అన్న గానీ తోడు పోండి. నేను చెప్పిన ఆ అమ్మాయి వెంట ఆమె నానీ పోయింది. ముసలామె తోడు ఉండబట్టే ఆడవాళ్ళు తలుపులు తీసి మాట్లాడినారు.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన ఆఫీసులో ఒక బీరువా ఈ పని కోసం కేటాయించండి. మన పిల్లలు రాసిన ప్రతి రిపోర్టు ఒక ప్రతి అందులో ఉండాలి. తరువాతి పిల్ల కాపీ కొట్టడానికి కాదు, ఎక్కడ ఆగిందో చూసి అక్కడ నుండి మొదలుపెట్టడానికి. ఆదివారం మధ్యాహ్నం జొహర్ తరువాత నేను అక్కడ కూర్చుంటాను. ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకొని ఎవరైనా రావచ్చు. ఆ బీరువాలో మొదట నా రిపోర్టు పెడతాను, రెండవసారి రాసినది. మొదటిది అడగకండి.

అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్‌తో పాటు అమానత్ నిలబెట్టుకునే బుద్ధి ప్రసాదించుగాక.